మింగుడుపడటం లేదండీ

నేను దర్జీని. కాలర్‌కీ గొంతుకీ మధ్య వేలు దూరేంత సందు వదిలి కుట్టడంలో నాకు పేరుంది. నా గొంతు కిందే ఆ సందు లేదన్న సంగతి మాత్రం నెత్తి నెరిసేదాకా తెలియలేదు.

చిన్నప్పటి నుంచీ ముద్దను నమిలి నమిలి, నీళ్లు తాగి, మెడ సాచి కిందికి పంపాలి. ఇంట్లో నా పేరు ‘నెమరు’. విందుకెళితే బల్లలు తుడిచేవాళ్లు నన్ను వదిలి చుట్టూ తుడిచేవారు.

ఈమధ్య మరీ కష్టమైంది. “మింగుడుపడటం లేదు” అంటే మా బావమరిది భుజం తట్టాడు. “ఏ విషయం బావా? అక్క ఏమైనా అందా?” పక్క సెలూన్ అతను, “ఎదురుగా రెడీమేడ్ షాపు తెరిచారుగా, మింగుడుపడదులే” అని ఓదార్చాడు. నిజమే, ఆ షాపు వల్లే కాబోలని నేనూ నమ్మాను. అంత తెలివి నాది.

ఒక మధ్యాహ్నం ముద్ద అడ్డంపడి ఊపిరాడలేదు. ఎలాగో బయటపడ్డాక మా ఆవిడ ఆస్పత్రికి లాక్కెళ్లింది. మింగుడుపడటం లేదంటే, డాక్టరమ్మ ఒక్కరే అది గొంతు సంగతిగా విన్నారు. స్కాన్ తీయించి బొమ్మ చూపించారు.

“గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం అందరికీ ఒకే వంపు తిరుగుతుంది. మీకు పుట్టుకతోనే రెండు వంపులు. మధ్యలో ఊపిరిగొట్టం, అన్నవాహిక ఇరుక్కున్నాయి. చాలా అరుదు.”

“అంటే కాలర్ బిగుతుగా కుట్టారంటారు.”

“అంతే. సన్నగా ఉన్న వంపును కోసి, రెండు కొసలూ కుట్టేస్తాం. వదిలేస్తే మళ్లీ అడ్డం పడొచ్చు.”

ఏ దారంతో కుడతారని అడిగాను. భయమేసి అడిగాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది, మళ్లీ వదల్లేదు.

ఆపరేషన్ అయింది, బతికి బయటపడ్డాను. మా ఆవిడ కొన్ని వారాలు మెత్తటివే పెట్టి, ఓ రోజు మామూలు అన్నం వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టానో లేదో జారిపోయింది. ఏదో పోగొట్టుకున్నట్టు గొంతు తడుముకున్నాను. చూస్తుండగానే కంచం ఖాళీ. తలెత్తితే, ఆవిడ కంచం ఇంకా సగం అలాగే ఉంది.

పెళ్లయినప్పటి నుంచీ మేమిద్దరం ఒకేసారి చేతులు కడుక్కునేవాళ్లం. గంతకు తగ్గ బొంత అని నలుగురిలో హాస్యమాడేవాణ్ణి.

“నీకూ మింగుడుపడటం లేదా?” కంగారుగా అడిగాను.

“నాకేం, రాయైనా దిగుతుంది. కంచం ముందు మీరొక్కరే మిగిలిపోతారని నెమ్మదిగా తినేదాన్ని. ఇప్పుడదే అలవాటైపోయింది.”

ఏడుపొచ్చింది. కంచం జరిపి ఇంకాస్త పెట్టమన్నాను. ఆకలేమీ లేదు. ఆవిడ కంచం వైపు చూస్తూ, మెతుకు మెతుకూ నమలడం మొదలుపెట్టాను.