సోఫాల కొట్లో పెళ్లి

ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. తమ్ముడికి అక్క కాబట్టి ఇంట్లో ఆ పిలుపు వచ్చిందంటే సరే. సోఫాలు కుట్టే కొట్లో తోటివాళ్లూ అలాగే పిలిచేవారు. తండ్రి వయసున్న కొట్టు యజమాని కూడా "పెద్దక్కా, ఈ కుర్చీ సంగతేమిటో చూడమ్మా" అనేవాడు. పుట్టినప్పుడు తనను ఊయల్లో వేసి ఉండరు, ఎవరి ఊయల పక్కనో నిలబెట్టి ఉంటారు అని ఆమె ఒక్కోసారి నవ్వుకునేది.

తండ్రి పోయేనాటికి తమ్ముడు పలక పట్టుకునే వయసువాడు. ఆమె అప్పుడే ఆ కొట్లో చేరింది. పాత సోఫా మీద బట్ట ఊడదీయాలి. కింద చివికిన గోనెపట్టా లాగెయ్యాలి. సాగిపోయిన స్ప్రింగులు మార్చి, స్పాంజి కోసి అమర్చి, కొత్త బట్టను బిగలాగి, నోట్లో పట్టుకున్న చిన్న మేకుల్ని ఒక్కొక్కటే తీసి కొట్టాలి. నోట్లో మేకులుంటే మాట్లాడ్డానికి కుదరదు. "అందుకే ఈ పని నీకు అచ్చొచ్చిందే" అనేది కుట్టుమిషను దగ్గర కూర్చునే స్నేహితురాలు. ఆవిడ నోరు మూతపడేది కాదు కనక కొట్లో ఆవిడ పేరు గలగల.

ఇరవై దాటాక ఒక సంబంధం వచ్చింది. అచ్చాఫీసులో పనిచేసే మనిషి, నెమ్మదస్తుడు. "తమ్ముడి చదువు ఒక దరికి చేరనీ" అంది తల్లి. చదువు దరికి చేరింది. తర్వాత తమ్ముడి ఉద్యోగం, తమ్ముడి పెళ్లి, ఆ తర్వాత తల్లి మోకాళ్లు. వాన ఎప్పుడాగిందో ఎవరూ చూడనట్టే, సంబంధాలు రావడం ఎప్పుడాగిపోయిందో కూడా ఎవరూ చూడలేదు.

నలభయ్యేడో ఏట ఆమె లిఫ్టులో ఇరుక్కుపోయింది.

కొత్త బట్ట వేసిన చేతుల కుర్చీ ఒకటి పై అంతస్తులో అప్పజెప్పడానికి వెళ్తుంటే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. చాలాసేపటికి పైనుంచి ఒక మగగొంతు వినిపించింది.

"లోపల ఎవరండీ? భయపడకండి."

"భయమెందుకండీ? కూర్చోడానికి కుర్చీ ఉంది."

పైనుంచి నవ్వు. "ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఇంత సుఖంగా ఇరుక్కున్నవాళ్లని ఎప్పుడూ చూళ్లేదు."

లిఫ్టు బాగుచేసే ఆయనకు భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, పెళ్లయి వేరే ఊళ్లో ఉంటోంది. ఆ మరుసటి వారం ఆయన చిరిగిన స్టూలొకటి పట్టుకుని కొట్లోకి వచ్చాడు. ఆ తర్వాత ఒక కుర్చీ. ఆ తర్వాత ఏ లోపమూ లేని కుర్చీ. "ఈయనింట్లో ఇంక కూర్చోడానికేమీ మిగల్లేదు. నువ్వు సరేనంటే తప్ప జన్మంతా నిలబడే ఉండాలి" అంది గలగల. పెద్దక్క నోట్లో మేకులున్నాయి. నవ్వలేక ఉక్కిరిబిక్కిరయింది.

ఇంట్లో చెప్పడానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది. ఒక సెలవురోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తల్లి మంచం పక్కన కూర్చుని కాళ్లు పడుతూ చెప్పింది. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. గిన్నెలు సర్దుతున్న మరదలి చేతులు ఆగిపోయాయి.

తమ్ముడు చెడ్డవాడు కాదు. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, "చేసుకో అక్కా, నేనెందుకు కాదంటాను? కాకపోతే చిన్నగా కానిద్దాం. మనవాళ్లు మాత్రమే. ఈ వయసులో ఆర్భాటం దేనికి?" అన్నాడు.

ఆమెకు కావలసిందీ చిన్న పెళ్లే. ఒకరి మాట ఒకరికి వినబడేంత గదిలో, తనను ఎరిగిన పదిమంది చాలనుకుంది. కానీ రోజులు గడిచేకొద్దీ తమ్ముడి 'చిన్నగా' ఇంకా చిన్నదవుతూ వచ్చింది. ఆఫీసువాళ్లకి చెప్పనక్కర్లేదన్నాడు. ఎదురింటివాళ్లకి తెలియక్కర్లేదన్నాడు. మేనమామని పిలిస్తే లేనిపోని ప్రశ్నలేస్తాడన్నాడు. అందరూ పోగా ఎవరు మిగిలారో అతనూ చూసుకోలేదు.

"మీవాడు పెళ్లి చెయ్యట్లేదే, దాచిపెడుతున్నాడు" అంది గలగల.

"వాడి ఇబ్బంది వాడిది."

"వెనకేసుకురా. పెంచావుగా మరి!"

చోటు సంగతి యజమాని తేల్చేశాడు. "రిజిస్ట్రారాఫీసులో పొద్దున్నే సంతకాలు చేసి ఇటొచ్చెయ్యండి. మన సెలవునాడు ఆఫీసుంటుంది, కొట్టు ఖాళీయే కదా. పెళ్లికి వేరే కుర్చీలు తేవాలా ఏం?" అన్నాడు. అమ్మకానికి పెట్టిన సోఫాలను గోడల వెంట జరిపి, మధ్యలో బల్ల వేయాలని అనుకున్నారు. లిఫ్టాయన కొలతటేపు తెచ్చి, ఎవరెక్కడ కూర్చుంటే ఎవరి మొహం ఎవరికి కనబడుతుందో నేలమీద సుద్దతో గీసి చూపించాడు. ప్లాస్టిక్ తొడుగులు తీయడానికి యజమాని ఒప్పుకోలేదు. "కూర కారితే నేనమ్ముకునేదెలాగయ్యా? పెళ్లికొడుకువైనా సరే, తొడుగు మీదే కూర్చో" అన్నాడు. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే అంటుకుంటుంది. పెళ్లిలో మేళం లేని లోటు తీరుతుందని లిఫ్టాయన అన్నాడు.

తల్లి కోసం పెద్దక్క ఒక కుర్చీ చేసింది. పల్లపు సోఫాలో కూర్చుంటే ఆవిడ లేవలేదు, మోకాళ్లు సహకరించవు. అందుకని ఎత్తు పెంచి, కూర్చునే చోట గట్టి స్పాంజి వేసి, పట్టుకు లేవడానికి వీలుగా చేతులు ముందుకు సాగేట్టు పెట్టించింది. పైన బూడిదరంగు మెత్తని బట్ట వేసింది. పని ముగిశాక రోజూ కాసేపు దాని దగ్గరే కూర్చుని వంకర సూదితో అంచులు కుట్టుకునేది. లిఫ్టాయన వచ్చి పక్కన నిలబడి దారం అందించేవాడు. అమ్మ వస్తుందా అని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

పెళ్లి వారం ఉందనగా తల్లి తిండి తగ్గించేసింది. పెద్దక్క కంచం పట్టుకుని మంచం మీద కూర్చుంది.

"రెండు ముద్దలు తినమ్మా."

"నాకెందుకే తిండి? నువ్వెళ్లిపోతే నన్ను లేపి కూర్చోబెట్టేదెవరు?"

"రెండు వీధులవతలే కదా ఉండేది! పొద్దున్నోసారి, సాయంత్రమోసారి వస్తాను."

"వచ్చేవాళ్లు చుట్టాలు. ఉండేవాళ్లు మనవాళ్లు." తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. "ఇన్నేళ్లు ఆగినదానివి, ఇంకొన్నాళ్లు ఆగలేవా? నేను పోయాక నీ ఇష్టం. ఎక్కువ రోజులుండన్లే."

పెద్దక్క కంచం కింద పెట్టింది. ఆ చేతిని విడిపించుకోవడానికి రెండో చెయ్యి వాడాల్సి వచ్చింది. అదే ఆమెను చాలారోజులు బాధించింది.

పెళ్లి ముందురోజు తమ్ముడు కొట్టుకే వచ్చాడు. జుట్టు చెదిరి ఉంది. "అక్కా, డాక్టరొచ్చి చూశాడు. భయంలేదన్నాడు, నీరసమన్నాడు. అయినా అమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టట్లేదు. ఈ పరిస్థితిలో పెళ్లేమిటి చెప్పు? కొన్నాళ్లు వాయిదా వెయ్."

"ఎన్నాళ్లురా?"

"ఎన్నాళ్లంటే... నేనేం చెప్పను?"

"చెప్పలేవు. ఎందుకంటే అది చెప్పుకునే మాట కాదు." ఆమె చేతిలో సుత్తి బల్లమీద పెట్టింది. "నన్ను కూర్చుని అమ్మ చావుకోసం ఎదురు చూడమంటున్నావు. రోజూ పొద్దున్నే లేచి, ఇంకా ఉందా అని తొంగి చూడమంటున్నావు. అది నాచేత కాదురా. పెళ్లి మానుకోమను, మానుకుంటానో లేదో తర్వాత సంగతి. కానీ అది మాత్రం చెయ్యమనకు."

తమ్ముడు కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. తల్లి కోసం చేసిన కుర్చీ అని అతనికి తెలియదు. కాసేపటికి వెళ్లిపోయాడు.

పెళ్లి జరిగింది. సంతకాలప్పుడు ఆమె పేరు గీత దాటిపోయింది. కొట్లో సోఫాలన్నీ సుద్దగీతల ప్రకారమే ఉన్నాయి, కూర్చునేవాళ్లే లేరు. యజమానీ ఆయన భార్యా ఒక మూల, లిఫ్టాయన పాత స్నేహితుడొకడు ఇంకో మూల. గలగల మాత్రం మూడు సోఫాలు నిండినట్టు కనబడాలని అటూ ఇటూ మారి కూర్చుంది. లిఫ్టాయన కూతురు వచ్చింది కానీ తలుపు దగ్గరి స్టూలు వదల్లేదు. తల్లి పోయిన ఇంట్లోకి ఇంకొకావిడ వస్తుంటే ఆ పిల్ల మాత్రం ఎలా నవ్వుతుంది! "నమస్తే ఆంటీ" అంది, అంతే. బూడిదరంగు కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు.

తమ్ముడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వేశాడు.

"అన్నం తినరా."

"అమ్మ దగ్గర ఎవరూ లేరక్కా. నీ మరదలు బజారుకెళ్లింది." ఆమె తలమీద చెయ్యి వేయబోయి, పెద్దక్క తలమీద చెయ్యి వేయకూడదని గుర్తొచ్చిందేమో, భుజం తట్టి వెళ్లిపోయాడు.

వండించిన భోజనం సగానికి పైగా మిగిలిపోయింది. లిఫ్టాయన గిన్నెల మూతలు పెడుతూ, "మీరు పిలిచినవాళ్లలో నేనైతే వచ్చాను కదండీ" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొట్లో ఉన్నవాళ్లంతా ఎవరి సోఫా తొడుగు వంక వాళ్లు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడే తల్లి అన్నం తిన్నది.

కుర్చీని పెద్దక్క ఆ ఇంటికే పంపింది. తల్లి దానివంక చూడలేదు. కొన్నాళ్లకి ఆరిన బట్టలు కుప్ప పోసుకోవడానికి మరదలికి పనికొచ్చింది. పెద్దక్క మాటిచ్చినట్టే రోజూ వెళ్లేది. తల్లిని కూర్చోబెట్టేది, తలంటేది, గోళ్లు తీసేది. తల్లి అన్నీ చేయించుకునేది, మాట మాత్రం లేదు. నీళ్లు మరీ కాలుతుంటే కోడల్ని కేకేసి, "నీళ్లు వేడిగా ఉన్నాయని దానికి చెప్పవే" అనేది. ఎదురుగా చెంబు పట్టుకున్న కూతురు చన్నీళ్లు కలిపేది. మొదట్లో ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పుకుని భర్తా ఆమే నవ్వుకున్నారు. ఏడాది గడిచాక నవ్వు రాలేదు.

అయినా రెండు వీధులవతల తమ గదిలో భార్యాభర్తలిద్దరూ బాగానే బతికారు. ఆయన రాత్రిపూట రేడియో విప్పి మళ్లీ బిగించేవాడు, ఆమె పక్కన కూర్చుని చూసేది. ఎవరికీ అక్క కాకుండా ఒకచోట కూర్చోవడం ఆమెకు అలవాటు కావడానికే చాలాకాలం పట్టింది. అలవాటైందనుకుంటుండగా ఆయనకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులన్నారు. ఆ చలికాలం దాటలేదు. పెళ్లయి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు.

ఆయన పోయాక ఆమె మళ్లీ తల్లి దగ్గరికి వెళ్లడానికి రెండువారాలు పట్టింది. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. మొహం నిండుగా ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి కూతురి మొహంలోకి సూటిగా చూసింది.

"ఇప్పటికైనా ఇంటికొచ్చెయ్."

పెద్దక్క ఆవిడ పాదాలు బకెట్లో పెట్టింది.

"ఆగమన్నాను, విన్నావు కాదు. ఆగుంటే ఈ ఏడుపుండేదా?"

"ఆగుంటే ఏడవడానిక్కూడా ఏమీ ఉండేది కాదమ్మా."

పెద్దక్క పాదాలు తుడిచి, వేళ్ల మధ్య తడి లేకుండా చూసి, దుప్పటి కప్పింది. "మళ్లీ వస్తాను" అంది.

మరదలు వెనకాలే వీధిలోకి వచ్చింది. నాలుగేళ్లలో ఆ పిల్లకు కణతల దగ్గర జుట్టు తెల్లబడింది.

"వదినా, మీతో అబద్ధమెందుకు? మీరొచ్చేస్తారని నేనూ ఆశపడ్డాను. ఆయన పోయాడని తెలిసిన రోజు... ఏడుస్తూనే ఆ మాట అనుకున్నాను. పాపిష్టిదాన్ని."

"తెలుసమ్మాయ్. నీ చోట నేనున్నానుగా, ముప్పయ్యేళ్లు." పెద్దక్క ఆమె చేతిలోంచి ఖాళీ బకెట్టు తీసుకుని అరుగుమీద పెట్టింది. "సెలవురోజు పూర్తిగా నేనుంటాను. ఆ రోజు నువ్వు మీ అమ్మ దగ్గరికెళ్లు. ఇంట్లో ఉండకు."

ఇద్దరూ వచ్చేపోయేవాళ్లకు అడ్డంగా అలాగే కాసేపు నిలబడ్డారు.

అప్పట్నుంచి తల్లి మాట్లాడుతోంది. కోడలి వంట గురించి, కొడుకు ఆలస్యంగా రావడం గురించి, కీళ్ల గురించి. చనిపోయిన అల్లుడి గురించి ఒక్కమాట లేదు. పెద్దక్క ఊకొడుతూ గోళ్లు తీస్తుంది. మరదలు తిరిగొచ్చిన చప్పుడు వినబడగానే చేతులు కడుక్కుని, తన గది తాళంచెవి తీసుకుని బయల్దేరుతుంది.