అప్పయ్య రాయని గురి

ఇశ్రాయేలు అంకుల్‌కి ఒక ఆలోచన తలకెక్కిందంటే ఇక దిగదు. పరాయి దేశంలో, చాంగీ బిజినెస్ పార్కులోని ఒక బ్యాంకులో ఆయన కింద నలభైమంది పనిచేస్తారు. వాళ్ళచేత ఏటేటా లక్ష్యాలు రాయించే అలవాటు ఆయన్ని ఆదివారం కూడా వదలదు. ఆ ఏప్రిల్లో అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలోని యౌవనస్థులందరికీ తలో కాగితం పంచిపెట్టాడు. పైన ‘పదేళ్లలో నా గురి’ అని అచ్చువేసి ఉంది, కింద అయిదు ఖాళీ గీతలు. “మీకు ఇష్టమైనవి కాదు, దేవుడికి ఇష్టమైనవి రాయండి,” అని హెచ్చరించాడు కూడా.

కాగితాలు పోగుచేసే పని యువజన కార్యదర్శి సుస్మితది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. పుట్టింది కాకినాడలోనే గానీ, మూడో ఏటినుంచీ పెరిగింది ఇక్కడే, బుకిట్ పంజాంగ్ ఫ్లాట్లో. ఇంకొకరి కాగితాలు చదవకూడదని ఆమెకు తెలుసు. తెలిసే, ఇంటికెళ్ళే రైల్లో కూర్చుని అన్నీ చదివేసింది. ఏం చేస్తాం, ఆ పిల్లకు ఆరాటం ఎక్కువ.

చదివితే ఏముంది! అందరివీ ఇంచుమించు ఒకటే. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ రావాలి, సొంత ఫ్లాట్ కొనాలి, విశ్వాసంలో ఉన్న సంబంధం కుదరాలి, అమ్మానాన్నల్ని బాగా చూసుకోవాలి, ఒక్కసారైనా మిషన్ ట్రిప్ వెళ్ళాలి. సుస్మిత రాసినవీ అవే, కాకపోతే దస్తూరీ బాగుంది. ఒక్క కాగితం మాత్రం ఖాళీ. పైన పేరుంది, అదీ ఇశ్రాయేలు అంకుల్ చేతిరాతలో. అప్పయ్య.

అప్పయ్య తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో ఫిట్టరు. ముప్ఫై రెండేళ్లు. ఆ సంఘంలో ముప్ఫై అయిదు దాటేదాకా అందరూ యౌవనస్థులే లెండి. లిటిల్ ఇండియా దగ్గర అద్దెకు తీసుకున్న హాలుకు ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేదీ, అందరికంటే వెనక వాటిని మడిచి సర్దేదీ అతనే. ఆరేళ్లుగా ‘వందనాలన్నా’ అనడం తప్ప అతనితో ఇంకో ముక్క మాట్లాడలేదని సుస్మితకు అప్పుడే తట్టింది. సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఓ ప్రశ్న కూడా పట్టుకుంది. ఒక్క గురీ లేని మనిషి ఉంటాడా?

పై వారం అడిగేసింది. “అన్నా, మీ పేపర్ బ్లాంక్‌గా ఉంది. ఏమీ రాయలేదేం?”

“నాకేటి గురి ఉంటాదమ్మా,” అని నవ్వేసి, అప్పయ్య ఇంకో నాలుగు కుర్చీలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఏదో దాస్తున్నాడని అనిపించింది. దాస్తున్నాడంటే ఇక ఆ పిల్లను పట్టడం ఎవరి తరం?

ఆ ఏదో, మే నెల మొదటి ఆదివారం బయటపడింది. ప్రసంగానికి ముందు ఒక అధ్యాయాన్ని వరసలో కూర్చున్నవాళ్ళు తలో వచనం చొప్పున చదవడం వాళ్ళ ఆనవాయితీ. ఏ అధ్యాయమో వారం ముందే చెప్పేస్తారు. చదివే వేళకు అందరూ గుట్టుగా చేసే పనొకటుంది. తలలు లెక్కపెట్టుకుని, తమ వంతుకు ఏ వచనం వస్తుందో చూసుకుని, పెదాలు కదపకుండా ఓసారి అభ్యాసం చేసుకుంటారు. పరలోకం వెళ్ళాక కూడా మనవాళ్ళు ఈ లెక్క మానరేమో!

అప్పయ్య ఎప్పుడూ తొమ్మిదో కుర్చీలో కూర్చుంటాడు. ఆ వేళ చదువు మొదలయ్యాక ఒకావిడ చంటిబిడ్డతో ఆలస్యంగా వచ్చింది. గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కుని, వరస మధ్యలో, అప్పయ్యకు ముందు చోటు చేసుకుంది. తొమ్మిదో వచనం ఆవిడ చదివింది. తరవాత అప్పయ్య లేచి, ఎక్కడా తడబడకుండా, మళ్ళీ అదే తొమ్మిదో వచనం చదివాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. “అప్పయ్యా, కళ్ళజోడు కొనుక్కోవాలయ్యా!” అన్నాడు ఇశ్రాయేలు అంకుల్. అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న సుస్మిత మాత్రం నవ్వలేదు. ఆమె చూపు అప్పయ్య చేతిలోని బైబిలు మీద పడింది. అందరూ పుస్తకం చివర్లో, సువార్తలో ఉంటే, అతని పుస్తకం సరిగ్గా మధ్యకు, కీర్తనల దగ్గరకు తెరిచి ఉంది.

టీ వేళకు మెట్ల దగ్గర అతన్ని పట్టుకుంది. “అన్నా, ఎవరికీ చెప్పను. ప్రామిస్. మీకు చదవడం రాదా?”

అప్పయ్య టీ కప్పు మెట్టు మీద పెట్టాడు. “వారమంతా ఫోన్లో ఆ తొమ్మిదోది ఒక్కటే వింటానమ్మా. డ్యూటీలోనూ వింటాను. నోటికొచ్చీస్తాది. కుర్చీలేసేది నేనే గదా, నా లెక్క తప్పదు. ఇయ్యాల తప్పీసింది.”

“మరి ఆ పేపర్?”

“గురి ఉన్నాదమ్మా. రాయడం రాక ఇచ్చీసేను.” ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, చెప్పుకొచ్చాడు. టెక్కలి దగ్గర వాళ్ళ ఊళ్ళో చిన్న ప్రార్థనామందిరం ఉంది. పాస్టరుగారు నెలకోసారి వస్తారు. మిగతా ఆదివారాలు అప్పయ్య బాబాయి అధ్యాయం చదివితే, విని, ప్రార్థన చేసుకుని వెళ్ళేవారు. ఆ బాబాయి పోయినేడు చనిపోయాడు. నాలుగు ముక్కలు నేర్చిన పిల్లలంతా హాస్టళ్ళలోనో వైజాగులోనో ఉన్నారు. “పుస్తకం బల్ల మీద ఉంటాది. సుట్టూ ముప్ఫైమంది కూకుంటారు. పాట పాడి లేచిపోతన్నారట. జూలై ఆఖరికి ఇక్కడ పని సేసే పర్మిట్టు అయిపోతాది. మళ్ళీ రానని చెప్పీసేను. మా వోళ్ళకి వారానికో అధ్యాయం సదివి వినిపించాల. అదే నా గురి.”

“ఆడియో ఉంది కదన్నా. ఫోన్లో ప్లే చేస్తే అయిపోతుంది, లా,” అంది, అక్కడి ఇంగ్లీషు యాసలోని తోకను తగిలించి.

“పెట్టి సూసేరమ్మా. మా ముసిలోళ్ళు ‘ఆగరా, అదేటన్నావు?’ అంటే ఫోను ఆగదు గదా.”

సుస్మిత వేళ్ళ మీద లెక్కపెట్టింది. జూలై ఆఖరికి ఇంకా పన్నెండు ఆదివారాలున్నాయి. “నేను నేర్పిస్తా,” అనేసింది.

అనేసి, రైలెక్కాక గానీ అసలు సంగతి గుర్తు రాలేదు. ఆమెకే తెలుగు చదవడం రాదు! గలగలా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో చూసుకుని. తన వంతు వచనం కూడా ఫోన్లో అలాగే చూసి చదువుతుంది. ఓరి దేవుడా, ఏ మొహం పెట్టుకుని మాటిచ్చాను అని తనను తనే తిట్టుకుంది. మళ్ళీ ఇంకో ఆలోచన వచ్చి మనసును తొలిచింది. తన కాగితంలో అయిదు గీతలూ నిండుగా ఉన్నాయి. అందులో ఒక్కటైనా, ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూ కూర్చున్నది ఉందా? బుకిట్ పంజాంగ్ వచ్చేదాకా వెతికింది. దొరకలేదు.

విషయం విని వాళ్ళమ్మ దయామణి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “ఏడేళ్లప్పుడు అఆలు దిద్దమంటే బల్లకింద దూరేదానివి! ఇప్పుడు పంతులమ్మ ఉద్యోగం కావలసొచ్చిందా నీకు?” అంటూనే పలక లేక అట్టముక్క మీద అక్షరాలు రాసి పెట్టింది. ఇక చూడండి, సాయంత్రం అమ్మ దగ్గర సుస్మిత నేర్చుకునేది, ఆదివారం కూడికకు ముందు హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల హాల్లో, అక్కడి రివాజు ప్రకారం టిష్యూ పొట్లం పెట్టి బల్ల ఆపుకుని అప్పయ్యకు అది ఒప్పజెప్పేది. గురువు శిష్యుడికంటే సరిగ్గా ఒక పాఠం ముందుండేది, అంతే.

అప్పయ్య మొండివాడు. యార్డులో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇనుప రేకుల మీద సుద్దతో గుణింతాలు రాసి ఫోటోలు పంపేవాడు. ఒకరోజు రాసింది చెరపడం మరిచిపోతే, తమిళ సూపర్‌వైజరు అదేదో కోత కొలత అనుకుని అరగంట తల పట్టుకున్నాడట. ‘క’ గుణింతం మొత్తం ఆ రేకు మీద చూసి సుస్మిత ఆఫీసులోనే పకపకా నవ్వింది. జూన్‌లో ఓడ అప్పగించే తొందరలో రెండు ఆదివారాలు అతనికి సెలవు దొరకలేదు. ఆ రెండు వారాలూ ఆమెకు చేతులు కట్టేసినట్టయింది. ఇతను నేర్చుకోకుండానే వెళ్ళిపోతే? అన్న భయం మొదటిసారి నిజంగా పట్టుకుంది.

ఒత్తుల దగ్గర గుట్టు రట్టయింది. “దీని కింద ఈ కొక్కెం ఏటమ్మా?” అని అప్పయ్య వేలుపెట్టి చూపించాడు. సుస్మిత చూసింది. ఇంకా చూసింది. ఆ పాఠం అమ్మ ఇంకా చెప్పలేదు.

“అన్నా... సారీ. నాక్కూడా రాదు. అసలేదీ రాదు. అమ్మ దగ్గర నేర్చుకుని మీకు చెప్తున్నా.”

అప్పయ్య నోరు తెరుచుకుని చూశాడు. తరవాత బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ నవ్వాడు. “మరి ఇన్నాళ్ళూ నన్ను కసురుకున్నావేటమ్మా!” ఆ రోజునుంచి ఇద్దరూ తప్పులు ధైర్యంగా చదివారు.

జూలై చివరి వారం అప్పయ్య విమానం ఎక్కేనాటికి కూడబలుక్కుని చదవగలుగుతున్నాడు. కానీ అధ్యాయం మొత్తం ఒకేసారి, అదీ మనుషుల ముందు, ఇంకా ఎప్పుడూ చదవలేదు. “ఆగిపోతే ఏటి సేయాల?” అన్నాడు విమానాశ్రయంలో. “ఆగిపోతే ఆగండి, అన్నా. పారిపోవద్దు,” అంది.

ఆగస్టు మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, హాకర్ సెంటర్లో సుస్మిత టీ తెచ్చుకుని కూర్చునేసరికి ఫోన్ మోగింది. వీడియో కాల్, అప్పయ్య. టెక్కలి దగ్గర అప్పుడు పదకొండు గంటలు. ఆరాధన వేళ! ఈ వేళప్పుడు ఎందుకు చేస్తున్నాడు? వెంటనే ఎత్తింది. తెరనిండా బైబిలు పేజీ, దాని మీద అప్పయ్య వేలు. వెనకాల ఎవరో దగ్గారు, ఒక పసిపిల్ల ఏడుస్తోంది.

“అమ్మా, సగం దాకా సదివీసేను. ఇక్కడ ఆగిపోనాను. అందరూ కూకునే ఉన్నారు. ఇదేటి?”

ఆమె ఆ వేలి కింద మాట చూసింది. ఒక అక్షరం కింద రెండు ఒత్తులు వేలాడుతున్నాయి. పక్కన అమ్మ లేదు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు వెతికే వ్యవధి లేదు. ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు.

“ఆగండన్నా. స్వా...” ఊపిరి పీల్చుకుంది. “స్వా...స్థ్య...ము. స్వాస్థ్యము!”

“స్వాస్థ్యము,” అన్నాడు అప్పయ్య.

“అదేటన్నావురా?” అని ఎవరో ముసలావిడ గట్టిగా అడిగింది.

“స్వాస్థ్యము, పెద్దమ్మా. మనకని రాసిచ్చిన వాటా. ఇది మనదే, ఎవులూ లాక్కోనేరు.”

“అలగా? మళ్ళీ సదువు.”

అప్పయ్య మళ్ళీ చదివాడు. తరవాత కింది వచనంలోకి వెళ్ళాడు, ఒక్కో అక్షరం పట్టుకుని, నెమ్మదిగా. కాల్ ఆపడం మరిచిపోయాడు. సుస్మిత కళ్ళు తుడుచుకుంటూ, అధ్యాయం పూర్తయ్యేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంది.