జవాబు కోసం ఆగిన వీడియో

అనకాపల్లి స్టేషన్లో మధ్యాహ్నం పూట రైళ్లకు కూడా కునుకు పడుతుందనిపిస్తుంది. లాప్‌టాప్ కనబడితే జనం వింతగా చూసే రోజులవి. వెయిటింగ్ రూములో నా పక్కన ఒక టీచరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద కూడా ఆమే. వెలిగే కొవ్వొత్తి చూపించి, "దీని మీద గాజు గ్లాసు బోర్లిస్తే ఏమవుతుంది?" అని అడిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

నేను చూడటం గమనించి చెప్పింది.

"నెట్‌లో పెట్టే పాఠమండి. పిల్లలు జవాబు నొక్కితేనే కదులుతాది. రికార్డింగోళ్ళు ఈ ఆగడం తీసెయ్యమంటన్నారు. పిల్లలు విసుక్కుంటారంట. తీసేద్దారనే అనుకుంటన్నాను."

పైన ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది. తెర మీద మంట మాత్రం రెపరెపలాడకుండా నిలబడి ఉంది. మా మాట కోసమే కాలం ఆగినట్టుంది.

"ఆరిపోతాది కదేటమ్మా!"

తిరిగి చూశాం. వెనక బెంచీ మీద ఎండుచేపల బుట్టతో కూర్చున్న ముసలమ్మ ఎప్పుడు లేచిందో, మా భుజాల మీదుగా తెరనే చూస్తోంది.

టీచరమ్మ మీట నొక్కింది. తెర మీది మనిషి నవ్వి, "భలే చెప్పావు!" అంది.

ముసలమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మాట ఇనేసింది! ఇంకోటి అడగమను తల్లీ."

టీచరమ్మ నవ్వలేదు. తెర మీద తనని తాను కాసేపు చూసుకుని, "ఈ ఆగడం ఉంచేత్తానండి" అంది.

ఇంతలో నా రైలొచ్చింది. టీచరమ్మ పేరు అడగనేలేదు. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడిగాక, తొందరపెట్టకుండా కాసేపు ఆగుతాను. ఒక్కోసారి ఆ కాసేపట్లో ఎండుచేపల వాసన వస్తుంది.