ఎదురుగా నిలబడి నేర్పిన సిలువ గుర్తు

మొన్న ఆదివారం మా మేనకోడలు విజయవాడ నుంచి వీడియో కాల్ చేసి, ఈ ఏడాదే ఒకటో తరగతిలో చేరిన తన కూతురి చేత నాకు అభినయ గేయం చెప్పించబోయింది. పిల్ల సగంలో చేయి ఎటు తిప్పాలో మరిచిపోయి బిక్కమొహం వేసేసరికి, నేనిక్కడ బందరులో మంచం మీద కూర్చునే చటుక్కున నా ఎడమచేయి ఎత్తి చూపించాను. పిల్ల టక్కున తన కుడిచేయి ఎత్తి పాట పూర్తిచేసింది. మేనకోడలు పాట సంగతి వదిలేసి, "అత్తా, నీది పుర్రచెయ్యా? నాకెప్పుడూ తెలియదే!" అని ఆశ్చర్యపోయింది. పుర్రచేయి కాదే తల్లీ, ఒకటో తరగతి టీచరు చేయి అన్నాను. దానికి అర్థం కాలేదు. మీలో ఎవరైనా చిన్నపిల్లలకు ఎదురుగా నిలబడి పాఠం చెప్పినవారుంటే, మీకు మాత్రం వెంటనే అర్థమయ్యే ఉంటుంది.

తొంభైల మొదట్లో మాట. గుడివాడలో డిగ్రీ, ఆ తరువాత టీచరు ట్రైనింగు పూర్తిచేసి, బందరు ఊరి చివర సిస్టర్లు నడిపే ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి టీచరుగా చేరాను. మా నాన్న బందరు పక్కనున్న గూడూరు దగ్గర వరి రైతు. తిండికి లోటు లేని ఇంట్లో ఆడపిల్లకు ఉద్యోగమేమిటని ఆయనకు మొదటినుంచీ సణుగుడే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. ఆ స్కూల్లో నాది టెంపరరీ పోస్టు, సంవత్సరం లోపల పర్మనెంటు చేస్తే సరే, లేకపోతే వచ్చే జూన్ నుంచి సంచీ గోడకు తగిలించి ఇంట్లో కూర్చోవాలి. హెడ్ సిస్టరుగారేమో, క్రిస్మస్ ప్రోగ్రాం అయ్యాక నీ సంగతి చూద్దాం అన్నారు. ఎందుకంటే ఆ స్కూల్లో ఒకటో తరగతి పిల్లలు అందరి ముందూ మొదటిసారి నిలబడేది ఆ రోజే. గుడివాడ నుంచి పెద్ద ఫాదరు వస్తారు, తల్లిదండ్రులు వస్తారు, ఒకటో తరగతి వాళ్ళు స్టేజీ ఎక్కి సిలువ గుర్తు వేసుకుని ప్రార్థన చెప్పాకే మిగతా ఆటాపాటా మొదలవుతుంది.

ఒకటో తరగతిలో ఏం నేర్పుతారని ఎవరైనా అడిగితే అక్షరాలూ అంకెలూ అని చెబుతాం కానీ, ఆ స్కూల్లో అవి రెండో వరుసలోవి. ముందు లైన్లో నిలబడటం నేర్పాలి. ముక్కు తుడుచుకోవటానికి చొక్కాకు పిన్నుతో పెట్టిన చేతిరుమాలు ఉందని, మోచేయి అందుకు కాదని నేర్పాలి. "గు...డ్ మా...ర్నింగ్ సి...స్టర్" అని సాగదీసి పాడటం మాత్రం ఎవరూ నేర్పనక్కర లేదు, అది వాళ్ళకే వచ్చేసేది. పన్నెండు గంటలకు చర్చిలో ప్రార్థన గంట మోగితే, పలక మీద 'ఇ' అక్షరం సగంలో ఉన్నా సరే, బలపం కింద పెట్టి లేచి నిలబడాలి. క్యారేజీ మూత తీశాక చేతులు జోడించి కళ్ళు మూసుకోవాలి. కళ్ళు మూసుకున్నట్టే ఉండి పక్కవాడి క్యారేజీలో ఏముందో చూడటం ఎలాగో కూడా వాళ్ళే నేర్చుకునేవారు.

ఇవన్నీ నేర్పాల్సిన నాకు మాత్రం ఒక్క ప్రార్థన కూడా రాదు. జూన్ నెలంతా గూడూరు నుంచి బందరు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చీటీ చూసి బట్టీపట్టేదాన్ని. ఒకరోజు వంటింట్లో పెసలు కడుగుతూ గొణుక్కుంటుంటే మా అమ్మ విని, ఉద్యోగం పోతే పోయింది కానీ నువ్వు పూర్తిగా అటే వెళ్ళిపోకే అని కంగారుపడింది. మా అమ్మకేం తెలుసు, దేవుడి సంగతి తరువాత, మాట తడబడితే నలభైమంది పిల్లలు నవ్వుతారేమోనని నా భయం.

ఆ భయంలోనే చేయకూడని తప్పొకటి చేశాను. ఎండలో నిలబెడితే సోలిపోతారని ఒకటో తరగతి వాళ్ళకు క్రిస్మస్ దాకా అసెంబ్లీ ఉండదు, క్లాసులోనే ప్రార్థన. నేను వాళ్ళకు ఎదురుగా నిలబడి, కుడిచేత్తో నుదురూ రొమ్మూ తాకి, ఎడమ భుజం మీదినుంచి కుడి భుజానికి తెచ్చేదాన్ని. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని అచ్చం అద్దంలో బొమ్మల్లా చేసేవాళ్ళు. అంటే ఎడమచేత్తో, అటునుంచి ఇటు. నాకు చూడముచ్చటగా ఉండేది. నలుగురైదుగురు పిల్లలు మాత్రం అందరితో కలవకుండా వేరేగా వేసుకుంటున్నారని గమనించి, బుద్ధిగా చూసి నేర్చుకోండని కసిరి, వాళ్ళ చేయి మార్పించాను. వాళ్ళు ఇంట్లో పుట్టినప్పటినుంచీ సిలువ గుర్తు వేసుకుంటున్న క్యాథలిక్ ఇళ్ళ పిల్లలని, ఆ గదిలో సరిగ్గా వేసుకుంటున్నది వాళ్ళొక్కరేనని నా బుర్రకు తట్టనే లేదు.

నవంబరు చివర్లో వాళ్ళలో ఒకడి తండ్రి వచ్చాడు. చర్చిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశిగా పనిచేసే పెద్దమనిషి. అయిదునెలలుగా మావాడు ఇంట్లో ఎడమచేత్తో సిలువ గుర్తు వేస్తున్నాడు, అదేమంటే టీచరు చెప్పిందంటాడు అని హెడ్ సిస్టరుగారి ముందు నిలబడి వినయంగానే చెప్పాడు. సిస్టరుగారు క్లాసుకు వచ్చి ప్రార్థన చేయించమన్నారు. నలభై ఎడమచేతులు ఒక్కసారిగా లేచాయి. ఆవిడ నవ్వు ఆపుకోవటానికి పెదవి కొరుక్కోవటం చూశాను కానీ, నాకు నవ్వు రాలేదు. "ఎదురుగా నిలబడేవాళ్ళు ఎడమచేత్తో చూపించాలమ్మా. అప్పుడు వాళ్ళకు కుడి వస్తుంది. ఇంకా మూడు వారాలుంది" అని వెళ్ళిపోయారు.

ఆ రాత్రినుంచి నా కుడిచేయికి సెలవు. ఇంట్లో అద్దం ముందు, బస్సులో, బావి దగ్గర, ఎడమచేత్తో సాధన. పిల్లలు నాకంటే తొందరగా మారారు. వారం తిరక్కుండా ముప్పైతొమ్మిది చేతులు కుడివైపుకు వచ్చేశాయి. రానిది ఒక్క చేయి.

ఆ పిల్లది గిలకలదిండి వైపు, చేపలు పట్టేవాళ్ళ ఇల్లు. తల్లి తెల్లవారకముందే చేపల గంపతో మొదటి బస్సెక్కి వస్తూ, పిల్లను స్కూలు గేటు దగ్గర దింపి మార్కెట్టుకు పోయేది. క్లాసంతటికీ పొట్టిపిల్ల. పుర్రచేయి. ఇంట్లో ఎడమచేత్తో ఏం ముట్టుకున్నా దెబ్బలు తినే ఆ పిల్లకు, నా పొరపాటు పుణ్యమా అని జూన్ నుంచి నవంబరు దాకా స్కూలంటే పండగ. తన చేయి అందరి చేయీ అయింది, పైగా అందరికంటే తనకే బాగా వచ్చు. నేను కూడా తెలియక ఆ పిల్లనే లీడర్ని చేసి ముందు నిలబెట్టాను. ఇప్పుడు లోకమంతా తిరగబడి, తనొక్కతే మిగిలింది.

చెప్పాను, బుజ్జగించాను, చేయి పట్టుకుని వేయించాను. వదలగానే మళ్ళీ ఎడమే. నలభైమందిలో ఒక్క ఎడమచేయి లేచినా స్టేజీ మీద అదే కనిపిస్తుంది, నా ఉద్యోగం ఆ చేతితోనే పోతుంది అన్న ఒక్కటే ఆలోచన నా తలలో. ఒక గురువారం ఉదయం ప్రార్థన మధ్యలో వెళ్ళి చెక్క స్కేలుతో ఆ ఎడమచేతి వేళ్ళ మీద కొట్టాను. రెండు దెబ్బలు. పిల్ల ఏడవలేదు. నా చేతివంక చూసి, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "మీరూ ఎడం చేత్తోనే వేస్తన్నారుగా టీచర్? మరి నన్నెందుకు కొట్టారు?"

కూర్చో అన్నాను. మర్నాటి నుంచి పిల్ల రాలేదు. శుక్రవారం రాలేదు, శనివారం ఒంటిపూట బడికీ రాలేదు. అప్పట్లో ఫోన్లేవి, కబురెవరు తెస్తారు? శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే ఇంటి బస్సు మానేసి సముద్రం వైపు బస్సెక్కాను. దిగాక వలలు ఆరేసిన దారిలో, ఎండుచేపల వాసన మధ్య, అడిగిన ప్రతివాళ్ళూ ఇంకాస్త ముందుకమ్మా అంటుంటే నడిచి వెళ్ళాను. పిల్ల తల్లి నన్ను చూసి హడలిపోయి, పీట వేసి, పరుగున పోయి కలర్ సోడా తెచ్చింది. కొట్టినందుకు నన్ను నిలదీస్తుందనుకుంటే, నాకే దణ్ణం పెట్టింది.

"మంచిపని చేశారు టీచరమ్మగారూ, ఇంకో నాలుగు తగిలించాల్సింది. మేమూ కొడతానే ఉన్నాం. రేపు ఈ పుర్రచేత్తో వడ్డిస్తే ఎవరు తింటారండీ? చదువూ అబ్బక, చెయ్యీ మారక, ఇంకెందుకులే అని మానిపించేశాం. చంటోణ్ణన్నా చూసుకుంటది."

ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. వలల కుప్ప వెనకనుంచి పిల్ల తొంగి చూస్తోంది, ఒళ్ళో తమ్ముడు. నా రెండు దెబ్బలకు ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతోందని అప్పుడు నాకు అర్థమైంది. నా క్లాసులో పలకమీద అందరికంటే గుండ్రంగా రాసేది ఈ పిల్లేనని, ఆ రాసేది ఎడమచేత్తోనేనని తల్లికి చెప్పాను. పిల్లను పిలిచి, సోమవారం రా, నీకు ఏ చేయి వస్తే ఆ చేత్తోనే వేసుకో, ఎవరైనా ఏమన్నా అంటే టీచరు వేసుకోమందని చెప్పు అన్నాను. తల్లి నోరు తెరిచి, "సిస్టరుగారు ఊరుకుంటారేంటండీ?" అంది. నేను చెబుతాలే అన్నాను.

చెప్పలేదు. ధైర్యం చాలలేదు. పిల్ల సోమవారం వచ్చింది, సంతోషంగా ఎడమచేత్తో వేసుకుంది, నేను చూసి చూడనట్టు ఊరుకుని, స్టేజీ మీద రెండో వరుసలో ఒక బొద్దుపిల్లవాడి వెనక నిలబెట్టాను. అలా గట్టెక్కుతాననుకున్నాను. ప్రోగ్రాం రోజున, పెద్ద ఫాదరు వచ్చి కూర్చున్నాక, తెర తీసేముందు హెడ్ సిస్టరుగారు స్వయంగా వచ్చి, పొట్టివాళ్ళు వెనక ఉంటే ఏం కనిపిస్తారమ్మా అని పిల్లల్ని ఎత్తు ప్రకారం సర్దేశారు. అందరికంటే పొట్టిది ముందు వరుసలో సరిగ్గా మధ్యకు వచ్చింది. మైకు కూడా అక్కడే ఉంది.

స్టేజీ కింద నిలబడి నేను ఎడమచేయి ఎత్తాను. కావాలంటే అప్పుడైనా ఆ పిల్లకు కళ్ళతో సైగ చేయగలను, నన్ను చూస్తూనే ఉంది. చేయలేదు. నా జీవితంలో నేను ఏమీ చేయకుండా ఊరుకుని చేసిన మంచిపని బహుశా అదొక్కటే. ముప్పైతొమ్మిది కుడిచేతుల మధ్య ఒక్క ఎడమచేయి లేచి, నుదుటిమీద, రొమ్ముమీద, రెండు భుజాలమీద నింపాదిగా ఆగి ఆగి తిరిగింది. మైకులో ఆ పిల్ల గొంతే గట్టిగా వినిపించింది. జనంలో ఎక్కడో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. హెడ్ సిస్టరుగారు స్టేజీవంక కాదు, నావంక చూశారు.

అయ్యాక ఆఫీసు గదిలోకి పిలిచారు. "మర్చిపోయిందా, నువ్వే వేసుకోమన్నావా?" అని అడిగారు. నేనే అన్నానండీ, ఆ చేతిమీద కొట్టాను కూడా, పిల్ల బడి మానేస్తే వెళ్ళి తెచ్చుకున్నాను అని మొత్తం చెప్పేసి, ఇక జూన్‌లో ఇంట్లోనే అని మనసులో నాన్నకు జవాబు సిద్ధం చేసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ, "ఇది నాకు ముందు చెప్పి ఉండాల్సింది" అన్నారు. తరువాత, బయట పిల్లలకు బూందీ పొట్లాలు ఇంకా పంచలేదు, వెళ్ళు అన్నారు. అంతే. మార్చిలో నా చేతికి పర్మనెంటు కాగితం వచ్చింది. నాన్న అది రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, సరేలే అన్నాడు.

ఆ పిల్ల రెండో తరగతికి వెళ్ళింది, అయిదు పూర్తిచేసి పెద్ద స్కూలుకు వెళ్ళిపోయింది. మళ్ళీ చూసింది రెండువేల నాలుగులోనో అయిదులోనో. గుడివాడలో నర్సింగులో చేరుతున్నానని, చిన్నప్పటి స్టడీ సర్టిఫికెట్లు కావాలని వచ్చింది. నాకంటే పొడుగైంది. రిజిస్టరులో సంతకం పెట్టమని పెన్ను ఇస్తే కుడిచేత్తో పెట్టింది. వంకర టింకర సంతకం. నేను చూడటం చూసి, "ఎప్పుడో మారిపోయింది టీచర్, రెండులోనో మూడులోనో" అని నవ్వేసింది. ఆ చేతిని కాపాడాననుకున్నాను, ఆ ఒక్క ఏడాదే కాపాడాను. పుష్కరకాలంగా మోస్తున్న మాట అప్పటికైనా దించుకుందామని, ఆ రోజు నిన్ను కొట్టాను కదమ్మా, తప్పు నాదే అన్నాను. ఆ పిల్ల నిజంగా ఆశ్చర్యపోయింది. "మీరు కొట్టారా? నాకు గుర్తే లేదు టీచర్. మీరు మా ఇంటికి రావటం గుర్తుంది. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంటది."

ఇప్పుడు ఒకటో తరగతిలో ఎవరూ స్కేలు ఎత్తరు, ఎడమచేత్తో రాసే పిల్లలను ఎవరూ ఏమీ అనరు. మా కాలం కంటే ఈ కాలమే మంచిదని చెప్పటానికి నాకేం చిన్నతనం లేదు. కానీ పిల్ల మూడు రోజులు రాకపోతే తల్లి ఫోనుకు ఒక మెసేజీ వెళుతుంది, దానికి జవాబు రాకపోతే ఇంకో మెసేజీ వెళుతుంది, ఆ తరువాత పేరు కొట్టేస్తారు. అది చూసినప్పుడల్లా, ఆ శనివారం నేను గూడూరు బస్సే ఎక్కి ఉంటే ఆ పిల్ల ఏమయ్యేదో అనుకుంటాను. టీచరును బస్సెక్కించి పంపే మెసేజీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.