చిన్న డౌట్, అక్కా

ఐదేళ్ళుగా ఒక్క మాట నన్ను వెంటాడుతోంది. పెద్ద మాటేం కాదు. మీరూ రోజుకు పదిసార్లు అనే మాటే. డౌట్.

కెనడాలో, హాలిఫాక్స్‌లో రోజూ ఫెర్రీ పడవ ఎక్కి ఆసుపత్రి డ్యూటీకి వెళ్తాను. చదువుకోడానికి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు వీపున బ్యాగులతో వెనక సీట్లలో కూర్చుంటారు. ఎవరో ఒకరు "అన్నా, ఒక డౌట్" అంటారు. అంతే. పొగమంచులో ఏమీ కనపడకపోయినా కిటికీలోంచే చూస్తూ కూర్చుంటాను. వెనక్కి తిరిగితే అక్కడ స్రవంతి ఉంటుందని భయం. ఆమె ఉన్నది దేశానికి ఆ చివర, సర్రీలో. తెలుసు. అయినా తిరగను.

మా అమ్మ నన్ను "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అనేది. ఈ ఒక్క గింజ మాత్రం ఐదేళ్ళు నానింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు కాబట్టి. ఇదీ పిరికితనమే, ఒప్పుకుంటాను.

బయటి దేశంలో డాక్టరీ చదివినవాళ్ళు ఇక్కడ మళ్ళీ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో ట్రైనింగ్, చేయాలి. ఏడాదికోసారి అప్లై చేస్తాం. మన పని చూసిన డాక్టర్ల సిఫారసు లెటర్లు, ఇంటర్వ్యూలు అన్నీ అయ్యాక, ఒక రోజు కంప్యూటర్ చెబుతుంది నీకు సీటు వచ్చిందో లేదో. దాన్నే మ్యాచ్ అంటారు. మాలాంటివాళ్ళకు ఉండే సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చదివి ఏళ్ళు గడిచేకొద్దీ మన పేరు కిందికి జారిపోతుంది. నేను చదివింది రాయలసీమ ఎండల్లో. మా ఆయన ఉద్యోగం ఎక్కడో దూరాన మిల్టన్‌లో. హాలిఫాక్స్‌లో ఒక క్లినిక్ వాళ్ళు పక్కన నిలబడి పని చూడనిస్తామంటే, ఒక్కదాన్నే వచ్చి ఇక్కడ గది తీసుకున్నాను.

గదంటే సగం గది. స్టూడెంట్లు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. నలుగురుండాల్సిన ఇంట్లో తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం. మిగతా సగంలో స్రవంతి. కరీంనగర్ పిల్ల, నాకంటే ఆరేళ్ళు చిన్నది. తనూ డాక్టరే. స్టూడెంట్ వీసా మీద వచ్చి, నానా పాట్లు పడి ఇక్కడే ఉండిపోయేందుకు పీఆర్ తెచ్చుకుంది. మొదటి రోజు నుంచే "అక్కా" అంది. చలికాలం నేను బయల్దేరే ముందు నా గ్లవ్స్ హీటర్ మీద పెట్టి వెచ్చగా చేతికిచ్చేది. అలాంటి మనిషి.

ఆమెను మా క్లినిక్‌కు తీసుకెళ్ళింది నేనే. అక్కడి డాక్టర్ ఒక కెనడా పెద్దమనిషి. మా ఇద్దరి మాటల్లో ఆయన పేరు "పెద్దాయన".

నేను చేరిన మొదటి వారంలో ఆయనతో నాకో డౌట్ ఉందన్నాను. అక్కడి నర్సు నన్ను పక్కకు పిలిచింది. ఇక్కడ డౌట్ అంటే నమ్మకం లేదని అర్థం, ప్రశ్న ఉందను, అని చెప్పింది. సిగ్గేసింది. మళ్ళీ ఆ మాట నా నోట రాలేదు.

మూడు నెలల తర్వాత స్రవంతి మొదటి రోజే పెద్దాయన ముందు నిలబడి, "డాక్టర్, ఐ హావ్ ఎ డౌట్" అంది. విన్నాను. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. మర్చిపోయాను.

మర్చిపోయానా? సరే, ఆ రోజు మర్చిపోయాననుకుందాం. మర్నాడు? నెల తిరిగాక? ఆ పిల్ల రోజుకు ఇరవై సార్లు ఆ మాట అంటుంటే, అన్నప్పుడల్లా పెద్దాయన నుదురు ముడిపడటం నేను చూస్తూనే ఉంటే, ఒకే గదిలో పక్క పక్క మంచాల మీద పడుకుంటూ కూడా నాకు గుర్తు రాలేదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. ఆమె అడిగేవి అన్నీ మంచి ప్రశ్నలు. ఒకసారి కలిపి ఇవ్వకూడని రెండు మందులు ఒకే చీటీలో ఉంటే పట్టుకుంది. క్లాసులో "ఏమన్నా డౌట్లున్నాయా" అని అడిగితే మన దగ్గర చెయ్యెత్తేది ఎవరు? తెలివైనవాళ్ళే కదా! స్రవంతి ఆ రకం. నాకు ఒళ్ళు మండేది. ఇంతకంటే బాగా చెప్పలేను.

అప్లికేషన్ల కాలం వచ్చింది. ఇద్దరం హాలిఫాక్స్‌లో ఉన్న అవే సీట్లకు పెట్టాం. ఇద్దరికీ లెటర్ రాయాల్సింది పెద్దాయనే. ఆ లెటర్లు మనకు చూపించరు, నేరుగా పంపేస్తారు. ఒక మధ్యాహ్నం ఆయన నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేను టిఫిన్ బాక్స్ తెరిచి పులిహోర తింటున్నాను. పొద్దున స్రవంతి చేసి పెట్టింది.

"మీరిద్దరూ ఒకే ప్రాంతం వాళ్ళు కదా, నీకు తెలిసుంటుంది. ఆ అమ్మాయి ప్రతి పేషెంట్ దగ్గరా డౌట్ ఉందంటుంది. తన మీద తనకు నమ్మకం లేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మా దగ్గర డౌట్ అంటే ప్రశ్న అండీ. అంతే చెప్పాల్సింది. బాక్సు మూత పెట్టేంత సేపు కూడా పట్టదు. నోట్లో ముద్ద మింగి,

"అవునండీ, తనకు డౌట్లు ఎక్కువే" అన్నాను.

ఆయన తలూపాడు. నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. నిజమే చెప్పాను కదా! తెలుగులో చూస్తే అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఎన్నిసార్లు ఇలా సర్దిచెప్పుకున్నానో. ఇంగ్లీషులో నేను ఆ పిల్ల గొంతు కోశాను, అదీ ఆమె చేతి అన్నం తింటూ.

నాకు మ్యాచ్ వచ్చింది. ఆమెకు రాలేదు. "ఒక్కరికన్నా అచ్చింది గదక్కా!" అని నన్ను వాటేసుకుని, కేకు తెచ్చి ఇల్లంతా పంచింది. మర్నాడు పెద్దాయన నా చేయి పట్టుకుని ఊపుతూ, ఆ రోజు నేను చెప్పింది బాగా పనికొచ్చిందనీ, స్రవంతికి తన మీద తనకు నమ్మకం లేదని లెటర్లో ఉన్నదున్నట్టు రాశాననీ అన్నాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

అసలు పాపం దాని తర్వాతిది. స్రవంతి సర్రీ వెళ్ళి ఒక క్లినిక్‌లో ఫోన్లెత్తే పనిలో చేరింది. రోగమేమిటో తనకు తెలిసినా, "డాక్టర్‌ని అడిగి చెప్తాను" అనాలి. వదలకుండా ఏటా అప్లై చేసేది. ఏటా అదే లెటర్. "పెద్దాయన ఎంత మంచోడక్కా, అడగంగనే మల్ల పంపిండు" అనేది ఫోన్లో. ఆమెకు అడ్డం పడుతున్నది ఆ కాగితమేనని ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కదానికే. "మంచిదమ్మా" అనేదాన్ని. ఒకసారి కాదు, నాలుగుసార్లు అన్నాను.

ఈ ఏడు చివరిసారి అంది. రాకపోతే వదిలేస్తానంది. పోయిన నెల ఒక ఆదివారం మెసేజ్ వచ్చింది. "అక్కా, చిన్న డౌట్. ఫ్రీ ఉన్నప్పుడు చెప్పు."

మన భాషలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. అనుమానం. పెద్దాయన నోరు జారాడా? లెటర్ ఎవరైనా చూపించారా? మూడు రోజులు ఫోన్ బోర్లా పెట్టి తిరిగాను. పేషెంట్ల పేర్లు తప్పు పలికాను. అప్లికేషన్ గడువు దగ్గరపడుతోంది. నాలుగో రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని టైపు చేశాను. ఆ లెటర్ వాడకు, అందులో నీ మీద చెడుగా ఉంది, అలా రాయించింది నేనే. పులిహోర దగ్గర్నుంచి అన్నీ రాశాను. పంపేశాను.

నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబుకు గంట పట్టింది.

"నేను అడుగుదామనుకున్నది అది కాదక్కా. ఈసారి నువ్వు గూడ నాకొక లెటర్ రాస్తవా అని."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను. కానీ ఆమె దొంగ ఎవరని అడగనేలేదు. ఆ తర్వాత ఆమె నుంచి ఒక్క మాట లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. గడువు వెళ్ళిపోయింది. అప్లై చేసిందో లేదో తెలియదు. ఆమె కోసం లెటర్ రాసి పెట్టాను. ఎక్కడికి పంపాలో ఆమె చెప్పాలి. చెప్పదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగలేదు కూడా.

ఈ ఉదయం ఫెర్రీలో వెనక నుంచి ఒకమ్మాయి గొంతు వినపడింది. "అక్కా, చిన్న డౌట్." ఐదేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగాను. ఎవరో కొత్త పిల్ల. దిగాక కాలేజీకి ఏ బస్సెక్కాలని పక్కనున్నామెను అడుగుతోంది. పక్కనామెకు తెలియదు. నాకు తెలుసు. చెప్పాను.