"భయం లేకుండా" అని రాసిన ఉత్తరం

మా ఆయన ఆఫ్రికాలో పోయిన పదకొండో రోజున నేను ప్రార్థన ఉత్తరం రాశాను. బయటి దేశంలో మిషనరీగా ఉన్నవాళ్లు తమను పంపిన సంఘాలకు నెలనెలా రాసే ఉత్తరమది. ఎనిమిదేళ్లూ ఆయనే రాసేవారు. నాకు అలవాటు లేదు. "భయం లేకుండా, నెమ్మదితో ప్రభువును చేరుకున్నారు" అని రాసి పంపించాను.

అది నిజం కాదు.

ఈ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు, మమ్మల్ని పంపిన మూడు సంఘాలూ ఆరాధనలో లేచి మా అనుభవాలు సాక్ష్యంగా చెప్పమన్నాయి. మొదట హిందూపురం. ప్రసంగానికి ముందు పాస్టరు అయ్యగారు నా ఉత్తరం చదివారు. ఆ వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను లేచి, దేవునికి వందనాలు చెప్పి కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఒక అవ్వ నా భుజం తడిమి చూసింది.

"ఏమ్మా, ఎముకలు తేలినావే! ఆడ సంగటి దొరకదా?"

"దొరుకుతాదవ్వా. మొక్కజొన్న పిండిది."

"ఇంకేం మరి, తినేకి నోరు నొప్పా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆయన ఆఖరి రోజుల గురించి అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆమె అడగలేదు.

పెనుకొండలో యువజనులు అడిగారు. ఆయన ఆఖరి మాటలేమిటని. కీర్తన పాడారని చెప్పాను. ఉత్తరంలో లేని అబద్ధం ఇంకొకటి చేరింది.

నిజానికి ఆయన ఆఖరి మాటల్లో పెనుకొండ ఉంది. జ్వరం తలకెక్కి, హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో ఉన్నాననుకున్నారు. "పెనుకొండ దాటినామా?" అని మూడు రోజులు అడుగుతూనే ఉన్నారు. అక్కడ వానకు ఊరి వంతెన మునిగి ఆస్పత్రికి దారి లేదు. తెలివి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, "భయమేస్తాంది, నన్ను ఇంటికి పిల్చుకపో" అన్నారు. ప్రార్థన చేద్దామంటే వద్దన్నారు. ఆ వద్దన్న మాటకు నేను ఇప్పటికీ భయపడతాను.

ధర్మవరం సంఘం మేమున్న ఊరికే కొత్తగా ఒక జంటను పంపుతోంది. ఆదివారానికి ముందు రోజు సాయంత్రం నన్ను వాళ్లింట్లోనే దించారు. పెళ్లయి ఏడాదైన పిల్ల. మగ్గాల వాళ్లకు పట్టు దారం చుట్టి ఇస్తుంది. చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు."

"అడుగు."

"వీసా వచ్చినప్పటి నుంచి నాకు అన్నం దిగడంల్యా. అన్న ఏమాత్రం భయపడలేదని ఉత్తరంలో ఉండాది. నాకేమో ఇంట్లోనే ఇంత భయం. నాకు విశ్వాసం లేదేమో అక్కా. మా ఆయనకు చెప్తే, ఆ అక్కను చూసి నేర్చుకోపో అంటాడు."

నేను "రేపు మాట్లాడదాం" అన్నాను. నిజం చెబితే ఆయన ఎనిమిదేళ్ల పనిని ఆ మూడు రోజులతో కొలుస్తారు. ఆయన తరఫున మాట్లాడడానికి ఆయన లేరు. చెప్పకపోతే, ఈ పిల్ల తన భయాన్ని పాపమనుకుని, ఎవరికీ చెప్పకుండా ఆ ఊరికి వెళ్తుంది.

మర్నాడు ఆరాధనలో అయ్యగారు ఉత్తరం తీశారు. నేను లేచాను.

"అది చదవద్దు అయ్యగారూ. అందులో నేను అబద్ధం రాసినాను."

వంతెన గురించి చెప్పాను. బస్సు గురించి, ప్రార్థన వద్దన్నది కూడా చెప్పాను. కీర్తన ఆయన పాడలేదని, పెనుకొండలో అది నేను కల్పించానని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. వెనక వరసలో ఒక పెద్దాయన మాత్రం, "అయ్యో, ఎంత భయపడినాడో పిల్లోడు" అన్నాడు.

ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచే చోట ఆ అమ్మాయి నన్ను ఆపింది.

"అక్కా, ఆ వంతెన ఏ నెలలో మునుగుతాది?"

చెప్పాను.

"ఆస్పత్రికి వేరే దారి ల్యా?"

"ల్యా."

ఆమె వెనక్కి తిరిగి భర్తను పిలిచింది. "ఇట్ల రా. నువ్వు గూడా విను."