కొమ్ము పిడి చాకు

బుజ్జోడా, నా కొడుకా... ఈ ముచ్చట నీకు ఎన్నిసార్లు చెప్పానో. నువ్వు పోయాక ఇంట్లో అడిగేవాళ్లు లేరు. అందుకే ఇక్కడ ఫోన్‌లో రాయించి అందరికీ చెబుతున్నాను.

మా చిన్నప్పుడు... నిజాం రాజు కాలం. అమీర్‌పేట అంటే తోటలే. పొద్దుగూకితే పంజాగుట్ట వైపు నుంచి నక్కల కూతలు. మా నాయన ఒక నవాబు తోటలో మాలి. మా అమ్మ పోయిన ఏడు అది... ఇంట్లో నేను, నాయన. ఇద్దరమున్నా మాటల్లేవు.

నాకు ఎనిమిదేళ్లు. వంకరటింకర జొన్నరొట్టెలు చేసి పెట్టేదాన్ని. నాయన ఒక తునక నోట్లో వేసుకుని లేచిపోయేవాడు. రోజురోజుకీ ఎముకలు తేలుతున్నాడు. ఈయన కూడా పోతే నేనెవరి దగ్గరుండాలి... అదే నా భయం.

ఒక గురువారం నాయన పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజారుకు పోయి, పాత మడత చాకు తెచ్చాడు. మొక్కలకు అంటు కట్టడానికట. పిడి అంతా జిడ్డు పట్టి నల్లగా...

పక్కింటి సాయమ్మ పెద్దమ్మ నాయనను గడప బయటే ఆపేసింది.

"ఏం మల్లయ్యా, ఎవడు వాడిన చాకో ఏమో! సచ్చినోనిదైతె? పిడి సాఫ్ జేసి, గడప మీద నిమ్మకాయ కోసినంకనే లోపలికి తేవాలె."

నేను ఉరికి చింతపండు, బూడిద తెచ్చాను. చెంబులు తోమినట్టే తోమబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా! గిది ఇత్తడి కాదు, కొమ్ము. పులుపు తగిలితే పాడైతది. జర మంచినూనె తే."

అమ్మ పోయాక నన్ను బిడ్డా అనడం అదే మొదలు...

అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. వేపపుల్ల మొన చెక్కి ఇచ్చాడు. పిడి గీతల్లో మురికి నేను గీకుతుంటే, నాయన పాత గుడ్డతో తుడిచాడు. ఎవరి చేతి చెమటో... ఎన్నేళ్లదో. ఆ పైన వేలితో నూనె రాశాం. నలుపు కింద నుంచి తేనెరంగు చారలు తేలాయి. ఒకచోట చిన్న గుంట... ఎవరిదో బొటనవేలు ఆని ఆని పడింది. అందులో నా వేలు పెట్టి చూసుకున్నాను.

"నీ ఏలు ఇంక పెరగాలె పో" అని నవ్వాడు నాయన.

ఇంట్లో నిమ్మకాయ లేదు. నాయన రుమాల్లోంచి జామకాయ తీసి గడప మీద కోశాడు.

"గిదేంది! జామకాయకు దిష్టి పోతదా?" అంది పెద్దమ్మ.

"పోకుంటె పాయె వదినా. బిడ్డ ఆకలన్న పోతది."

సగం నాకిచ్చి సగం తాను తిన్నాడు. భయం భయంగానే రొట్టె పెట్టాను. అంతా తిన్నాడు... ఇంకోటి అడిగాడు. పెనం ముందు నేను కళ్లు తుడుచుకుంటుంటే, పొగ అనుకున్నాడు.

ఇప్పుడు ఆ తోటల మీదుగా మెట్రో పోతోంది. అరుగులు లేవు... పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలియదు.

నువ్వు పోయినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు బుజ్జోడా. నీ బిడ్డ నిన్న కంచం పట్టుకుని నా ముందు కూర్చుంది. "జర తినవే నానమ్మా" అంటూ నా చేతివైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు... రొట్టె పెట్టి నాయన వైపు నేను చూసిన చూపు. తండ్రి పోయిన పిల్లకు ఆ భయం కూడా నేనే పెట్టాలా? తిన్నాను... రెండు ముద్దలే అయినా తిన్నాను.

మీ కంచం వైపు అట్లా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ముచ్చట కింద రాయండి. చదివించుకుని వింటాను.

వేళకు కడుపునిండా తినండి.